మెకానిక్ భుజాన మా సంచి: దసరా కానుకల ప్రాజెక్టు డైరీ

జూన్ 9

ఈ ఏడాది దసరా కానుకల పని నాకు అప్పగించారు. మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న ఫ్యాక్టరీ, బోరు మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్లు చేస్తాం. సరుకు కొనేది రైతు, అమ్మేది డీలరు, కానీ ఏ ప్యానెల్ పెట్టాలో చెప్పేది మాత్రం ఊళ్లో మోటార్ మెకానిక్. అందుకే ఏటా పండక్కి 180 మంది మెకానిక్‌లకు, 120 మంది డీలర్లకు ఏదో ఒకటి పంపుతాం. ఇప్పటిదాకా టీషర్టులు, పెన్నులు, కీ చైన్లు, ఒకసారి ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పంపాం. బడ్జెట్ రెండున్నర లక్షలు. ఎండీ గారు చెప్పింది ఒక్కటే, "మన పేరు కనపడాలమ్మా." నేను అడిగింది కూడా ఒక్కటే, ఏదైనా ఆర్డర్ ఇచ్చేముందు మూడు రోజులు ఊళ్లు తిరిగి చూసొస్తానని. సరే అన్నారు.

జూన్ 14

జనగామ, ఆలేరు, భువనగిరి చుట్టుపక్కల తిరిగొచ్చాను. "మీకేం కావాలి" అని ఎవరినీ అడగలేదు. అలా అడిగితే మొహమాటానికి "ఏదైనా మంచిదే మేడమ్" అంటారు. షాపులో స్టూలు వేసుకుని కూర్చుని, పొద్దుటి నుంచి వాళ్ల చెయ్యి దేనిమీదకి పోతోందో చూశాను.

ఆలేరు దగ్గర ఒక వైండింగ్ షాపులో మా నిరుటి టీషర్ట్ కనిపించింది, చింపి రెండు ముక్కలు చేసి గ్రీజు తుడిచే గుడ్డలా వాడుతున్నారు. జానెడు లోగో మధ్యకు చిరిగి ఉంది. తప్పు వాళ్లది కాదు. ఆ గుడ్డ చేతిలోకి తీసుకుంటే తెలిసింది, మొత్తం పాలిస్టర్, జిడ్డు పీల్చుకోకుండా అటూ ఇటూ పులుముతోంది. మే నెలలో బోరు దగ్గర నిలబడే మనిషికి ఆ బట్ట ఎలా ఇచ్చామా అని నాకే బాధేసింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది సంచి. నేను కలిసిన 11 మందిలో ఏడుగురు సామాను యూరియా బస్తాలో చుట్టి బండి ముందు పెట్టుకుని తిరుగుతున్నారు. స్పానర్లు, కటింగ్ ప్లేయర్, టేపులు, స్క్రూడ్రైవర్లు ఒకటే మూట. తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే టంగ్ టెస్టర్ మాత్రం పాత బనియన్‌లో చుట్టి సీటు కింద. ఒకాయన రిలే కోసం బస్తా మొత్తం గట్టు మీద బోర్లించి వెతికి, మళ్లీ ఒక్కొక్కటే లోపల వేసుకున్నాడు. రోజుకు ఇది ఎన్నిసార్లు చేస్తారన్నా అంటే, "ఎన్ని మోటార్లు సూస్తే అన్నిసార్లు మేడమ్" అన్నాడు.

రెండోది భుజమ్మీద తువ్వాలు. అందరికీ ఉంది. చెమట తుడుచుకోవడానికి, ఎండకు తలకు చుట్టుకోవడానికి, వేడెక్కిన మోటారు బాడీ పట్టుకోవడానికి, చేలో సద్ది తినేటప్పుడు కింద పరుచుకోవడానికి.

మూడోది నేను ఊహించనిది. జనగామ దగ్గర ఒక షాపులో షట్టర్ లోపలి గోడమీద సుద్దముక్కతో ఒక పట్టీ రాసి ఉంది: ఇన్ని హెచ్‌పీ అయితే ఇన్ని ఆంపియర్లు అని. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఎంతకు పెట్టాలో కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగితే ఆ అన్న గోడ చూసి చెబుతాడు. సున్నం రాలి కొన్ని అంకెలు సగం చెరిగిపోయాయి. ఫొటో తీసుకున్నాను.

క్యాలెండర్ గురించి కూడా రాసి పెట్టుకోవాలి. కంపెనీ పేరుతో వచ్చే వస్తువుల్లో ఏడాదంతా గోడమీద నిలిచేది అదే. తిథి, నక్షత్రం, రాహుకాలం చూసుకుంటారు, తారీఖు గడిలో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకుంటారు. అయితే ఒక్కో షాపులో అప్పటికే మూడు నాలుగు క్యాలెండర్లు వేలాడుతున్నాయి, అయిదోది పెట్టడానికి మేకు కూడా లేదు. అది వద్దనుకున్నాను.

జూన్ 17

ఆఫీసులో కూర్చుని తేల్చుకున్నది: మెకానిక్‌లకు పనిముట్ల సంచి, తువ్వాలు, ఆంపియర్ కార్డు. డీలర్లకు తువ్వాలు, కార్డు.

కరెంటు ఉందో లేదో చూసే చిన్న నియాన్ టెస్టర్ ఇద్దామని మా సేల్స్ వాళ్లు గట్టిగా అన్నారు, చవగ్గా వస్తుంది, లోగో కొట్టించవచ్చు అని. నేను ఒప్పుకోలేదు. నియాన్ టెస్టర్‌లో కరెంటు మన ఒంట్లోంచే పోతుంది, లోపలున్న పెద్ద రెసిస్టర్ దాన్ని అతి స్వల్పానికి తగ్గిస్తుంది కాబట్టి షాక్ తెలియదు. ఆ రెసిస్టర్ నాసిరకమైతే మనిషి ప్రాణమే పోవచ్చు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులుండే ప్యానెల్ దగ్గర, ఎవరు ఎక్కడ చేశారో తెలియని పదిహేను రూపాయల వస్తువు మీద మా పేరు వేయించలేను.

టార్చి కూడా అనుకున్నాం. ఒక పెద్దాయన దాన్ని కొట్టిపారేశాడు. రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో టార్చి లేకుండా పొలానికి పోయేది లేదట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక తన పని చాలావరకు పగటికే మారిందని, ఎప్పుడైనా అవసరం పడితే ఫోన్‌లో లైటు ఉందని చెప్పాడు.

జూన్ 27

సంచి నమూనా మొదలైంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కాన్వాస్ చూశాను. ముందు నా మనసు వరంగల్ దర్రీల (నూలు తివాచీల) మీద ఉంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నేత, చూడ్డానికి ఎంత బాగుంటుందో. ఒక ముక్క తెచ్చి మా షాప్‌ఫ్లోర్ మేస్త్రీకి చూపిస్తే, ఆయన ఏమీ అనకుండా గ్రీజు వేలితో దానిమీద ఒక గీత గీశాడు. ఆ మరక మూడు ఉతుకులకీ పోలేదు. అంత కష్టపడి నేసిన బట్టను నూనె పనికి పెట్టడం న్యాయం కాదనిపించింది.

చివరికి 12 ఔన్సుల కాన్వాస్, అంటే చదరపు మీటరుకు సుమారు 400 గ్రాములు, ముదురు ఆకుపచ్చ. అడుగుకు టార్పాలిన్ గుడ్డ, తడి గట్టు మీద పెట్టినా లోపలికి చెమ్మ ఎక్కకూడదని. జిప్ పెట్టలేదు. బజార్‌లో సంచులు కుట్టే బాబాయ్ చెప్పాడు, "దుమ్ములో తిరిగే సంచికి ముందు పోయేది రన్నరేనమ్మా, మూత వేసి బకిల్ పెట్టు, పదేళ్లుంటది." పట్టీ సంచితో కలిసేచోట చతురస్రం కుట్టి దాని మధ్యలో గుణకారం గుర్తులా అడ్డకుట్లు, నాలుగు మూలలా రివెట్లు. లోపల స్పానర్లకు ఆరు నిలువు అరలు, టంగ్ టెస్టర్‌కు మెత్తటి గుడ్డ వేసిన అర, రిలేలకు, ఫ్యూజులకు మూతున్న చిన్న అర. నాలుగు నమూనాలు కుట్టించాను.

జూలై 1

నాలుగు సంచులూ నలుగురు మెకానిక్‌లకు ఇచ్చి నెల రోజులు వాడమన్నాను. ఒక్కటే షరతు, బాగుందని చెప్పొద్దు, ఎక్కడ ఇబ్బందో చెప్పాలి.

జూలై 13

కరీంనగర్ దగ్గర ఒక చేనేత సహకార సంఘానికి వెళ్లాను. తువ్వాలు చేనేతకు రిజర్వు చేసిన 11 రకాల్లో ఒకటి. 1985 చట్టం కింద, నిర్ణీత లక్షణాలున్న తువ్వాళ్లను మరమగ్గం మీద నేయకూడదు. అయినా బజార్లో కనపడేవాటిలో ఏది చేనేతో ఏది కాదో మామూలు కంటికి తెలియదు కాబట్టి, నేసే చోటికే పోయి తీసుకోవాలని ముందే అనుకున్నాను.

గుంట మగ్గం మీద ఒక పెద్దావిడ నేస్తోంది. అడ్డదారం లాగే నాడె అటు పోయి ఇటు వస్తుంటే పక్కన ఆవిడ మనవరాలు కండెలు చుడుతోంది. మా అవసరం చెప్పాను: 30 అంగుళాలు, 60 అంగుళాలు, తెల్ల పడుగు (నిలువు దారాలు), అంచుకు మా లోగో ఎరుపు. సంఘం పెద్దాయన ఓపిగ్గా విని లెక్క చెప్పాడు. ఒక మగ్గం మీద రోజుకు అయిదారు తువ్వాళ్లు, నాలుగు మగ్గాలు ఎక్కిస్తే మధ్యలో పండగలు, పడుగు మార్చే రోజులు కలుపుకుని 300కి మూడు వారాలు. ఒక్కోటి 190 రూపాయలు. నేను బేరం చేయలేదు. ముందు సగం ఇచ్చి వచ్చాను, నూలు వాళ్లు కొనుక్కోవాలి కదా.

పేరు ఎక్కడ వేయాలన్నదానికి ఆ పెద్దావిడే దారి చెప్పింది. మూలన ఎంబ్రాయిడరీ వేస్తే వెనకవైపు దారం ముళ్లు ముఖానికి గీసుకుంటాయంది. లేబుల్ కుట్టినా చిన్నది, అంచు మడతలోకి పోయేలా, మెడకు తగలని కొసన కుట్టమంది. "మెడకు గుచ్చుకున్నదంటే ఆ పూటే కత్తిరిస్తరు బిడ్డా." గోరంత వెడల్పు నేత లేబుల్‌కు ఖాయం చేసుకున్నాం.

ఇంకో మాట కూడా ఇక్కడే నేర్చుకున్నాను. కొత్త తువ్వాలు గంజితో పెళపెళలాడుతూ చూడ్డానికి బాగుంటుంది, కానీ చెమట పీల్చదు. రెండు ఉతుకులయ్యాకే దాని గుణం తెలుస్తుంది. ఇచ్చిన మొదటి రోజు ముఖం తుడుచుకుని "ఇది పనికిరాదు" అనుకుంటే మళ్లీ దాని ముఖం చూడరు. అందుకే గంజి తీసేసి, ఒకసారి ఉతికి, ఆరబెట్టి ఇవ్వమని అడిగాను. ఒక్కోదానికి కొంత ఖర్చు పెరుగుతుందని పెద్దాయన అంటే, పోనీ లెండి, పెట్టుకుందాం అన్నాను. చివరికి ఆయన ఆ ధరలోనే చేసి పెట్టాడు.

ఆగస్టు 2

సంచుల రిపోర్టు. నలుగురిలో ఇద్దరు ఒకటే చెప్పారు, పట్టీ వెడల్పు చాలదు, సామాను నిండితే భుజం కోస్తోంది. ఒకటిన్నర అంగుళాల నుంచి రెండుకు పెంచి, భుజమ్మీద ఆనేచోట మెత్తటి పట్టీ వేయిస్తున్నాం. మూడో ఆయన స్పానర్ అరలు ఇంకా లోతు కావాలన్నాడు, బండి గుంతలో పడ్డప్పుడు 14-15 స్పానర్ ఎగిరి బయటపడుతోందట. నాలుగో ఆయన సంచిలో కుడివైపు అర ఖాళీగా ఉంచి అందులో టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్నాడు. దాని కొలత తీసుకుని అక్కడ ఒక అర చేయించాను. ఒకరోజు పనికి పోయే సంచిలో అన్నం డబ్బాకు చోటు ఉండాలన్న సంగతి నాకు తట్టనందుకు కాస్త చిన్నబోయాను.

ప్రింట్ మాత్రం చెడింది. మూత మీద స్క్రీన్ ప్రింట్ వేయించిన మా లోగో నెల తిరక్కుండా పొరలు పొరలుగా లేచిపోయింది. దానికి వాడిన ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు పూర్తిగా గట్టిపడాలంటే 160 డిగ్రీల దాకా వేడి తగలాలి. కాన్వాస్ మందం వల్ల పైపొర ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండిపోయింది. వేసిన షాపతను ఒప్పుకుని మళ్లీ వేస్తానన్నాడు. లోగోలో సన్నగీతలు కూడా ముతక గుడ్డమీద అలుక్కుపోయాయి, అవి తీసేసి ఒకే రంగులో మందం గీతలతో తిరిగి గీయించాం. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి కాబట్టి ఖర్చూ తగ్గింది.

ఆగస్టు 8

ఇవాళ మీటింగ్‌లో గొడవ అని అనను గానీ, గంటన్నర వాదన.

నాకు తోచింది ఇది. సంచి ముందు భాగంలో మెకానిక్ పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉండాలి, పెద్ద అక్షరాల్లో. మా పేరు మూత లోపలివైపు, చిన్నగా. ఎండీ గారు నవ్వలేదు, కోప్పడలేదు, "డబ్బులు మనవి, పేరు వాళ్లదా?" అని మాత్రం అడిగారు. నేను ఆలేరు టీషర్ట్ ముక్క బల్లమీద పెట్టాను, తెచ్చుకున్నాను నాతో. సార్, ఇక్కడ మన పేరు జానెడుంది, ఎవరూ తొడుక్కోలేదు. సంచి మీద తన పేరుంటే అతను దాన్ని పెళ్లికి తప్ప అన్నిచోట్లకీ తీసుకుపోతాడు, ఎందుకంటే అది అతని బోర్డు. పొలం గట్టున పెడితే పక్క రైతు నంబరు రాసుకుంటాడు. ఇక మూత తీసిన ప్రతిసారీ మన పేరు చూసేది ఎవరు? ఏ ప్యానెల్ పెట్టాలో చెప్పే మనిషి. మనకు కావాల్సిన చూపు ఆ ఒక్కటే కదా.

చాలాసేపు ఆలోచించారు. తర్వాత, "చెయ్యి. కానీ స్పెల్లింగ్ తప్పు పోయిందంటే నువ్వే ఊరూరా తిరిగి సారీ చెప్పాలి" అన్నారు. నేను సరేనన్నాను.

అకౌంట్స్ నుంచి ఒక మాట: కానుకగా ఇచ్చే వస్తువులపై కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఆ పన్నును మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే వీలు, రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం. కాబట్టి ధరలన్నీ పన్నుతో కలిపే లెక్కేసుకోవాలి. వేసుకున్నాను, సంచి 780 పడింది.

ఆగస్టు 24

180 పేర్లు. నాలుగు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కంపెనీ లిస్టులో ఇంగ్లిష్‌లో ఉన్న పేర్లను తెలుగులోకి నాకు తోచినట్టు మార్చేస్తే అయిపోయేది, కానీ ఇంగ్లిష్‌లో ఒకేలా కనపడే పేరు తెలుగులో నాలుగు రకాలు, ళ అవునో ల అవునో, ఒత్తు ఉందో లేదో. ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకున్నాను. చాలామంది ఇంటిపేరు వద్దన్నారు, ఊరిపేరు వేయమన్నారు. ఇద్దరు ముగ్గురు జనం పిలిచే పేరే వేయమన్నారు, అసలు పేరు చెబితే ఊళ్లో ఎవరికీ తెలియదట. ఒకాయన తనది వద్దని, ఇప్పుడే పని నేర్చుకుని సొంతంగా తిరుగుతున్న కొడుకు పేరు వేయమని అడిగాడు. వేశాం.

పేర్లన్నీ వేర్వేరు కాబట్టి స్క్రీన్ కుదరదు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీనే. కుట్టిన సంచిని ఫ్రేములో బిగించడం కష్టం, అందుకే విడిగా గుడ్డ పట్టీల మీద వేయించి తర్వాత సంచి ముందు కుట్టాలి. పట్టీకి 45 రూపాయలు, కుట్టుతో కలిపి. తెలుగు అక్షరం ఇక్కడ చాలా జాగ్రత్త కోరుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తులో వేసి చూస్తే ఒత్తులన్నీ దారం ముద్ద, క్రావడి ఎక్కడుందో తెలియలేదు. 15 మిల్లీమీటర్లకు పెంచాక కళ్లకు తేటగా కనిపించింది.

ఇంకో చిక్కు, షాపువాళ్ల సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును సరిగా కలపలేదు, అక్షరం ఒకచోట, ఒత్తు దాని పక్కన విడిగా పడింది. మొదటి ట్రయల్‌లో ఇరవై పేర్లకు తొమ్మిది తప్పు. మా దగ్గరే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి ఫైళ్లు పంపితే అప్పుడు కుదిరింది. కుట్టే ముందు 180 పేర్లనూ ప్రింట్ తీసి, ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో పంపి, "సరే" అని తిరిగి రాస్తేనే మెషిన్ ఎక్కించాం.

సెప్టెంబర్ 3

తువ్వాళ్ల మొదటి కట్ట వచ్చింది, నలభై. చేతిలోకి తీసుకోగానే ప్రాణం లేచొచ్చింది, మెత్తగా, బరువుగా. ఇంటికి ఒకటి తీసుకెళ్లి తెల్ల చొక్కాతో కలిపి గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానేశాను. తెల్లారి చూస్తే చొక్కా గులాబీ రంగు. అంచు ఎరుపు దిగిపోయింది.

అది నేత తప్పు కాదు. బయట రంగు అద్దించిన నూలు అది. ఫోన్ చేస్తే పెద్దాయన నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. వ్యాట్ అనే రకం రంగు అద్దిన నూలు తీసుకుంటే ఉతుకుకు నిలుస్తుంది, కానీ ఇంత తక్కువ రోజుల్లో తన దగ్గర నమ్మకంగా దొరికేది నీలమే అన్నాడు. మా లోగో ఎరుపు. ఎండీ గారిని అడగడానికి భయం వేసింది, టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే ఆ గులాబీ చొక్కా పట్టుకుపోయి చూపించాను. మెకానిక్ ఇంట్లో మనిషి చొక్కా ఇలా పాడైతే మన పేరు ఎలా గుర్తుంటుందో ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. నీలమే ఖాయం. మొదటి నలభై డబ్బులు కోయలేదు, వాటిని మా షాప్‌ఫ్లోర్‌లో వాడుకుంటున్నాం.

సెప్టెంబర్ 12

ఆంపియర్ కార్డు అయింది. మా ఇంజినీర్ కూర్చుని అంకెలు సరిచూశాడు. మామూలు త్రీఫేజ్ మోటారుకు హెచ్‌పీకి సుమారు ఒకటిన్నర ఆంపియర్ అనేది నోటిలెక్క, సబ్‌మెర్సిబుల్ అంతకంటే కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, అందుకే కార్డు పైన ఎర్రగా మొదటి వాక్యం: "ముందు మోటారు నేమ్‌ప్లేట్ చూడండి." వెనకవైపు మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఏం జరుగుతుందో, వైండింగ్ కాలకుండా ఏం చూడాలో బొమ్మతో. మెరిసే పీవీసీ మీద వేస్తే ఎండలో అద్దంలా మెరిసి అంకె కనపడలేదు, మ్యాట్‌కు మార్చాం. కళ్లజోడు లేకుండా చదవగలగాలని ఆలేరులో ఒక పెద్ద వయసు మెకానిక్‌కు మూడు సైజులు పంపితే ఆయన పెద్దది ఎంచాడు. దారం కట్టుకోడానికి మూలన రంధ్రం. 500 వేయించాం, ఒక్కోటి 14 రూపాయలు.

సెప్టెంబర్ 30

ప్యాకింగ్. తువ్వాలుకు విడిగా ప్లాస్టిక్ కవర్ వద్దన్నాను, మడిచి సంచిలోనే పెట్టాం. స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉంది, నిరుడు మా వాళ్లు అలాగే చుట్టించారట, ఈసారి డబ్బాకు నూలు దారం కట్టించాను. సంచి అట్టపెట్టెలో కాకుండా గోనెగుడ్డలో కుట్టి ఆర్టీసీ కార్గోలో వేశాం. మొత్తం లెక్క 2,12,500, రంగు దిగిన నలభై తువ్వాళ్లు, స్వీట్లు, రవాణా వేరే. బడ్జెట్ లోపలే ఉన్నాం.

అక్టోబర్ 13

నిన్న దసరా. ఆయుధ పూజ ఫొటోలు పొద్దున్నుంచీ వస్తూనే ఉన్నాయి. స్పానర్లు, టంగ్ టెస్టర్, ఇన్సులేషన్ చూసే మెగ్గర్, అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు, పక్కన గుమ్మడికాయ, నిమ్మకాయలు, వాటి వెనక గోడకు ఆనించిన ఆకుపచ్చ సంచి, దానిమీద బంతిపూల దండ. పేరు పట్టీమీద కూడా కుంకుమ పెట్టారు కొందరు. నలభై మూడు ఫొటోలు లెక్కపెట్టాను. ఎండీ గారు తన ఫోన్‌లో ఒక్కొక్కటే పెద్దది చేసి చూశారు, పేర్లన్నీ పైకి చదివారు.

ఒక పేరులో తప్పు పోయింది. దీర్ఘం ఉండాల్సిన చోట లేదు, వాట్సాప్‌లో సరే అన్నప్పుడు ఆయనా చూసుకోలేదు. కొత్త పట్టీ కుట్టించి రేపు నేనే తీసుకెళ్తున్నాను, మాటిచ్చాను కదా.

నవంబర్ 7

భువనగిరి వైపు మళ్లీ తిరిగాను. కలిసిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది దగ్గర సంచి బండిమీద ఉంది. తొమ్మిదో ఆయన తమ్ముడికి ఇచ్చాడు, తనకు ఇంకోటి డబ్బులిచ్చి కొంటానన్నాడు. కుట్టిన బాబాయ్ నంబరు ఇచ్చాను, ఇప్పటికి ఆయనకు ఇలా పద్నాలుగు ఆర్డర్లు నేరుగా పోయాయి. తువ్వాళ్లు బాగా నలిగి, రంగు నిలిచి, భుజాల మీద ఉన్నాయి. రెండు సంచులకు బకిల్ ప్లాస్టిక్ విరిగింది, తర్వాతి విడతకు ఇత్తడిది చూడాలి, రాణిగంజ్‌లో ధర కనుక్కున్నాను.

జనగామ షాపులో గోడమీద సుద్ద అంకెలు తుడిచేసి సున్నం వేశారు. ఆ చోట మేకుకు మా కార్డు వేలాడుతోంది. ఆ అన్న ఇంకో పది కార్డులు అడిగాడు, పని నేర్చుకునే కుర్రాళ్లకు తలా ఒకటి ఇస్తాడట. ఆఫీసుకు వచ్చేసరికి డీలర్ల నుంచి కూడా ఇదే అడుగుతూ మెసేజ్‌లు. రేపు ఇంకో వెయ్యి కార్డులకు ఆర్డర్ పెట్టాలి, ఈసారి కేబుల్ సైజుల పట్టీ కూడా చేర్చి.